అత్త నోట ఆ పేరు

రాజోలు రేవులో పడవ దిగిన కొబ్బరికాయల వ్యాపారి మా ఊరి కబుర్లన్నీ చెప్పి, వెళ్ళబోతూ, గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మీ పేటలో ముసలావిడ పోయిందండి. మీకు తెలిసే ఉంటాది."

"ఎవరు?"

"అదేనండి, నోట్లో చుట్ట తీసి గాని దేవుడి పేరెత్తదు, ఆవిడ."

పోయి అప్పటికే పదకొండు రోజులైందట. అరుగు మీద పిల్లలు గుణింతం కోసం కూర్చుని ఉన్నారు. వెళ్ళి పాఠం చెప్పాను. ఏడుపు రాలేదు. ఈ వయసులో ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. పిల్లలు వెళ్ళిపోయాక స్తంభానికి చేరగిలబడి చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు మాత్రం ఆవిడ ముఖం కనిపించింది. ఎడమ కన్ను కొంచెం చిన్నది. చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాల్చే అలవాటు వల్ల పెదాలు నల్లబడి ఉండేవి.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మా నాన్నకి వరసకి చెల్లెలు. పేటంతా అత్త అనేవారు. నేనూ అత్త అనే అంటాను.

మాది అమలాపురానికీ పలివెలకీ మధ్య ఊరి పొలాల్లో కూలి చేసుకునేవాళ్ళ పేట. ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, మా వైపు కాలవలు తవ్వుతున్న రోజులవి. ఆ రోజుల్లోనే దొరగారూ దొరసానిగారూ పడవ మీద వచ్చి, మా పేటలో తాటాకు పాక వేయించి ప్రార్థన మొదలుపెట్టారు. దొరసానిగారి దగ్గర నేను అక్షరాలు నేర్చుకున్నాను. పేట ఆడవాళ్ళలో చదువు వచ్చినదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే. ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఆజ్ఞలు వల్లె వేయించడం నా పని. దేవుని పేరు వ్యర్థంగా పలకకూడదన్న ఆజ్ఞ అత్తకి నేర్పినదాన్ని నేనే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు అందరూ వల్లె వేసి లేచిపోయారు. అత్త మాత్రం లేవలేదు.

"వ్యర్థంగా అంటే ఏంటే పిల్లా?"

"ఊరికే అత్తా. పని లేకుండా."

"పనుంటే పలకొచ్చా?"

"పలకొచ్చు."

"ఏం పని?"

"ప్రార్థన," అన్నాను. అత్త తల ఊపి వెళ్ళిపోయింది. నేను ఆ మాట అప్పుడే మరిచిపోయాను. ఆవిడ మరవలేదు.

కొత్తగా దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం కదా, ఇదివరకు రామా అన్న చోటల్లా యేసయ్యా అనేవాళ్ళం. కాలికి రాయి తగిలితే యేసయ్యా. ఎద్దు మొరాయిస్తే యేసయ్యా పదవే. బావి దగ్గర బిందెల తగువులో యేసయ్య తోడు. మా అన్నయ్య అయితే మూడు మాటలకి ఒకసారి ఒట్టు వేసేవాడు. "యేసయ్య తోడు, ఇంత పెద్ద చేప!" అని చేతులు చాపేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అత్త నవ్వేది కాదు.

ఆవిడ ఆ పేరు పలకాలంటే ముందు చేతిలో పని కింద పెట్టేది. చుట్ట నోట్లోంచి తీసి, పక్కకి వెళ్ళి ఉమ్మి, చెంబుతో నీళ్ళు పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకునేది. ఆ తరవాత పలికేది, చాలా మెల్లిగా, వేడి గంజి ఊదుకుని తాగినట్టు. మామూలు మాటల్లో ఎప్పుడూ 'ఆయనే'. "ఆయన సూత్తన్నాడు." "ఆయనకి తెలుసు." ఒకసారి పక్కూరి నుంచి వచ్చిన పెళ్ళికూతురు, పాపం, అత్త మొగుడు బతికే ఉన్నాడనుకుని, "మావయ్యగారు ఏ పొలానికెళ్ళేరు అత్తా?" అని అడిగింది. పేటంతా వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

"అంత భయం ఏంటత్తా?" అని నేనే అడిగాను ఒకసారి, నారుమడి దగ్గర.

"భయం ఎవరికే? కట్టుకున్నోడు పోయి ఇరవయ్యేళ్ళయ్యింది. ఈనాటికీ ఆ మనిషి పేరు నా నోట రాలేదు. నన్ను కొట్టినోడి పేరే అంత దాచుకున్నాను. నా కోసం దెబ్బలు తిన్నోడి పేరు సుట్ట పొగలో కలిపి ఊదేయమంటావా?"

నారు కట్ట మడిలో విసిరి మళ్ళీ అంది. "ఆ గుడిలో దేవుడి పేరు మన నోట పడితే మైలన్నారు. అటు సూడొద్దన్నారు. దొరలు ఈయన పేరు తెచ్చి మన నోట్లోనే ఎట్టేరు. ఎట్టేరు గదా అని ఉమ్మేసుకుంటామా?"

పిల్లల పేర్ల విషయంలో అత్త చేసిన పని ఇప్పటికీ మా పేటలో నడుస్తోంది. బాప్తిస్మం ఇచ్చినప్పుడు దొరగారు పిల్లలకి యేసుదాసు, యేసురత్నం అని పేర్లు పెట్టేవారు. తల్లులు ఆ పేర్లతోనే తిట్టేవారు. "ఒరే యేసుదాసూ, నీ మొహం మండా" అని ఒకావిడ అరుస్తుంటే, అత్త దారిలో పోతున్నదల్లా ఆగి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "తిట్టుకోవడానికి ఒక పేరు ఎట్టుకో అమ్మా. ఇది పిలుచుకోడానికి ఉంచు." అప్పటినుంచి మా పేటలో ప్రతి పిల్లవాడికీ రెండు పేర్లు. ఆదివారం యేసుదాసు, మిగతా రోజులు బుల్లోడు. దెబ్బలన్నీ బుల్లోడికే.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, కాలవ గట్టు తెగకపోతే.

ఊడ్పుల రోజులు. ఒక మధ్యాహ్నం కొత్త కాలవ గట్టుని ఎవరో పారతో కొట్టేశారు. నీళ్ళు వచ్చి ఊళ్ళో పెద్ద రైతు నారుమళ్ళు మునిగిపోయాయి. అంతకు ముందు రోజే మా అన్నయ్యకీ ఆ రైతు పాలేరుకీ మాటా మాటా వచ్చింది. అది చాలింది. సాయంత్రానికి బంట్రోతులు వచ్చి అన్నయ్యని పెడరెక్కలు విరిచి కట్టి అమలాపురం కచేరీకి తీసుకుపోయారు. రాజమంద్రం చెరసాలలో ఏడాది ఖాయమన్నారు, దాని ముందు కొరడా దెబ్బలన్నారు. వదిన అప్పటికి నెలలు నిండిన మనిషి.

అన్నయ్య ఆ మధ్యాహ్నమంతా అత్త ఇంటి కప్పు మీద ఉన్నాడు, తాటాకు కప్పుతూ. పేట జనం ఊడ్పుల్లో ఉన్నారు. కాలు బెణికి ఇంట్లో ఉండిపోయిన అత్త ఒక్కతే చూసింది. కింద నిలబడి ఆకులు అందించింది కూడా.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. "నేను సెప్తాను," అంది అత్త, నేను అడక్కముందే. "పద, కచేరీకి పోదాం."

సంగతి తెలిసిన ఉపదేశిగారు, అంటే మా పాకలో వాక్యం చెప్పే ఆయన, దారిలో చల్లగా చెప్పారు. "సాక్ష్యం అంటే ప్రమాణం ఉంటుందండి అత్తగారూ. మన పుస్తకం చేతిలో పెడతారు. దేవుని పేరు మీద నిజం చెబుతున్నానని అనాలి."

అత్త నడక ఆగిపోయింది.

"నేను సూసింది సెప్తానండి. ఆయన్ని ఎందుకు పిలవడం?"

"అలా అనకపోతే రాసుకోరండి."

"అబద్ధాలాడేవోడికి గదండి ఒట్టు! అవునంటే అవును, కాదంటే కాదు, అంతే సాలని మీరే గదా సెప్పేరు?"

"చెప్పేను. కాని అధికారి ముందు నిజం కోసం చేసే ప్రమాణం పాపం కాదండి. దొరలు కూడా చేస్తారు."

"ఆరు సదువుకున్నోరండి. ఆరి దగ్గిర మాటలు శానా ఉంటాయి. నా దగ్గిర ఉన్నది ఇదొక్కటే."

వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది, కుంటుకుంటూ. అప్పుడు నేను అన్న మాట ఇన్నేళ్ళ తరవాత రాయాలంటే కష్టంగానే ఉంది. అయినా రాస్తాను. వెనకనుంచి అరిచాను.

"నీ నోటి మడి కోసం మా అన్న వీపు చీలాలా?"

మడి అన్న మాట వాడాను. మమ్మల్ని తరతరాలుగా దూరం పెట్టిన మాట అది. తెలిసే వాడాను. తగలాలనే వాడాను. తగిలింది. అత్త ఆగి, గట్టు మీద కూలబడింది. ఉపదేశిగారు తల దించుకున్నారు. కొంచెంసేపటికి ఆవిడే లేచి, నా ముఖం చూడకుండా నన్ను దాటి అమలాపురం వైపు నడిచింది.

కచేరీ అరుగు మీదకి మమ్మల్ని ఎక్కనివ్వరు. వాకిట్లో ఎండలో నిలబడ్డాం. అరుగు మీద తాసీల్దారుగారు కుర్చీలో ఉన్నారు. మెట్టు దగ్గర గుమాస్తా చాప మీద కూర్చుని రాసుకుంటున్నాడు. మా ముందు వచ్చిన ఊరివాళ్ళ చేత ఏదో ఒక వాక్యం గడగడా చెప్పించి పంపేశాడు. అత్త వంతు వచ్చింది.

"కిరస్తానీదానివా?"

"చిత్తం."

గుమాస్తా లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చాడు. చేతికిస్తే అంటు. మెట్టు దిగి, నాలుగడుగులు ముందుకొచ్చి, దాన్ని అత్త ముందు నేల మీద పెట్టి వెనక్కి వెళ్ళాడు. వాకిలంతా గుర్రపు లద్దె, గడ్డి.

"అయ్యా, కింద ఎట్టకండయ్యా," అంది అత్త.

"నీ చేతిలో పెట్టమంటావా ఏమిటే?"

అరుగు మీద ఎవరో నవ్వారు. అత్త గబుక్కున వంగి పుస్తకం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, గుండెకి ఆనించుకుంది. బిడ్డ పడిపోతే ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"పట్టుకున్నావుగా. చెప్పు. దేవుడి పేరు మీద నిజమే చెబుతానని చెప్పు."

అత్త అటూ ఇటూ చూసింది. నీళ్ళ కోసమని నాకు తెలుసు. నోరు పుక్కిలించకుండా ఆవిడ ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. ఆ వాకిట్లో మాకు నీళ్ళెవరిస్తారు? ఎండిన నాలికతో పెదాలు తడుపుకుని, కళ్ళు మూసుకుని పలికింది. యేసుక్రీస్తు ప్రభువు పేరు మీద నిజమే చెబుతానని, పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా పలికింది. ఆ పేరుని అంత అందంగా పలకగా నేను మళ్ళీ వినలేదు.

గుమాస్తా కలం చెక్కుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "వినబడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాడు.

అత్త కళ్ళు తెరిచింది. గుమాస్తా వైపు చూసింది. నా వైపు చూసింది. నేను చేతులు జోడించాను, చెప్పు అత్తా అన్నట్టు. మళ్ళీ చెప్పింది. రెండోసారి గొంతులో ఏమీ లేదు. కడవలోంచి నీళ్ళు ఒలికినట్టు మాటలు పడ్డాయంతే. గుమాస్తా రాసుకున్నాడు.

తాసీల్దారుగారు మాత్రం శ్రద్ధగానే విన్నారు. కప్పు ఏ వైపు నేశాడు, ఎన్ని మోపుల ఆకు పట్టింది, మధ్యలో దిగాడా అని గుచ్చి గుచ్చి అడిగారు. అత్త తడుముకోకుండా చెప్పింది. బంట్రోతుని పంపి కప్పు చూసి రమ్మన్నారు. పచ్చి తాటాకు పచ్చిగానే ఉంది. మూడో రోజున అన్నయ్యని వదిలేశారు. ఆ వారంలోనే వదినకి కూతురు పుట్టింది.

పేటలో పండగ. అన్నయ్యని భుజాల మీద మోసుకొచ్చారు. ప్రార్థన పాకలో స్తుతి చెయ్యమని ఉపదేశిగారు అత్తని పిలిచారు. "మీరు సెయ్యండి," అని వెనక్కి జరిగి కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాం.

నేను కనిపెట్టడానికి రెండు నెలలు పట్టింది. పాట పాడేటప్పుడు ఆ పేరు వచ్చిన చోట అత్త పెదాలు మూసుకునేవి. పేరు దాటాక మళ్ళీ కలిసేది. ప్రార్థనలో మోకాళ్ళూని కూర్చునేది కాని మాట ఉండేది కాదు. ఇదివరకు పొద్దున్నే వాళ్ళ ఇంటి వెనక నీళ్ళు పుక్కిలించిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు ఆగిపోయింది.

కలుపుతీతల్లో పక్కపక్కన ఉన్నప్పుడు అడిగాను. వాన తుంపర పడుతోంది. అత్త తల ఎత్తకుండానే చెప్పింది.

"రెండుసార్లు సెప్పేను గదే. ఒకటి మీ అన్న కోసం. అది నేనే ఇచ్చేను, దానికి నాకు బాధ లేదు. రెండోది ఎవరి కోసమో నాకు తెలవదు. ఇప్పుడు పలుకుదామని నోరు తెరిత్తే ఆ గుమాస్తాగారు ఇనబడతాడు. మళ్ళీ సెప్పు అంటాడు. ఇంకెలా పలకను?"

"నా వల్లే అత్తా. నేనలా అనకుండా ఉండాల్సింది."

"అనకపోతే మీ అన్న ఏమయ్యేవోడు?" కలుపు మొక్క పీకి గట్టు మీదకి విసిరింది. "నువ్వన్నది తప్పు కాదు, నేను సెప్పింది తప్పు కాదు. మడిసి కోసం కాకపోతే మాటెందుకు? రేపు మళ్ళీ అడిగినా సెప్తాను. అలిసిపోయేనే పిల్లా, అంతే. ఆయన అలిసిపోయినోళ్ళని ఏమీ అనడులే."

ఆవిడ నన్ను క్షమించింది. ఆ క్షమాపణ మోయడం తిట్టు మోయడం కంటే కష్టమని అప్పుడు తెలియలేదు.

అన్నయ్యకి ఇదేమీ పట్టలేదు. చెరసాల తప్పినవాడు గదా, ఇంకా ఎక్కువగా ఆ పేరు వాడేవాడు. ఒక సాయంత్రం కల్లు తాగి వచ్చాడు. వదిన వాకిట్లో నిలబెట్టి నిలదీసింది. "యేసయ్య తోడు, చుక్క ముట్టలేదు!" అని అరిచాడు. వాసన నాలుగిళ్ళ దాకా కొడుతోంది. ఆ దారినే గడ్డిమోపుతో వస్తున్న అత్త మోపు కింద పడేసింది. మెల్లిగా వాడి దగ్గరికి వచ్చి, అరచెయ్యి వాడి నోటికి అడ్డం పెట్టింది. కొట్టలేదు, నొక్కలేదు. చంటిపిల్లాడు మన్ను తింటుంటే అడ్డుపెట్టినట్టు పెట్టింది.

"తాగు నాయనా. తాగితే తాగు. ఆయన్ని మాత్రం పిలవకు."

అన్నయ్య మత్తు దిగిపోయింది. ఆవిడ చెయ్యి తీసేదాకా అలాగే నిలబడిపోయాడు. ఆ తరవాత ఒట్లు మానేశాడని చెబితే బాగుంటుంది. నెల రోజులు మానేశాడు. తరవాత మామూలే. మనుషులు అంత సులువుగా మారరని నేను అప్పటికే తెలుసుకున్నాను.

పెళ్ళయి నేను రాజోలు వైపు వచ్చేశాను. ఏడాదికోసారి వెళ్ళినప్పుడు అత్తని చూసేదాన్ని. చుట్ట కాల్చుకుంటూ కూర్చునేది. అడగవలసింది ఏదీ నేను అడగలేదు. ఆవిడ మనవలు, వానలు, కాలవ నీళ్ళు, ఇవే మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి మాత్రం, "నీ కాడ పిల్లలు సదువుతున్నారా? ఆజ్ఞలు సెప్తన్నావా?" అని అడిగింది. చెబుతున్నానన్నాను. "వ్యర్థంగా అంటే ఏంటని అడిగితే ఏం సెప్తన్నావు?" అంది. ఇప్పటికీ తెలియదన్నాను. అత్త పెద్దగా నవ్వింది. అంతసేపు నవ్వగా అదే చూడడం.

కబురు తెలిసిన నెలకి గాని ఊరు వెళ్ళలేకపోయాను. అన్నయ్య గట్టు మీద మోకు పేనుకుంటూ కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు. పక్కన కూర్చున్నాను. వాడే మొదలుపెట్టాడు.

"పోయిన రోజు తెల్లారగట్ల నాకు కబురెట్టింది చెల్లెమ్మా. ఎల్లేను. సాప మీద పడుంది. నా బదులు నువ్వు ఓసారి పిలు నాయనా, అంది."

"పిలిచావా?"

"నోరు తెరిచేను. రాలేదు." మోకు పేనడం ఆపాడు. "ఎన్నేలసార్లు అనుంటాను ఆ పేరు! ఎద్దుని అదిలిత్తా అన్నాను, కల్లు తాగి అన్నాను. ఆయేళ రాలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఎదురుసూత్తా ఉంది. తొందరెట్టలేదు. నేనలాగే కూకున్నాను. కోడళ్ళు వంటకి లేచేరు, నీళ్ళకెల్లేరు, వచ్చేరు. అప్పటికి వచ్చింది. ఒక్కసారే అన్నాను."

"అత్త ఏమంది?"

అన్నయ్య మోకు పక్కన పెట్టి కాలవ వైపు తిరిగాడు.

"పెద్దోళ్ళెవరో వాకిట్లోంచి పిలిత్తే పలుకుతాం సూడు, అలాగ. 'ఆయ్' అంది."

"తరవాత?"

"తరవాతేముంది? ఎండెక్కింది. గొయ్యి తవ్వడానికి ఎల్లేం."